గేటు లోపల వరసలు లేవు

ఉప్మా మేడం

వెల్ఫేర్ ఆఫీసరంటే క్యాంటీనులో ఉప్మా రుచి చూసి ఉప్పు తగ్గిందని చెప్పే మనిషని యానాంలో చాలామంది అనుకుంటారు. మా మెట్టకూరు వీధిలో ఇప్పటికీ నన్ను "రొయ్యల కంపెనీ ఉప్మా మేడం" అనే అంటారు. నాకేం కోపం లేదు. ఉప్మా రుచీ చూశాను, పురుగు పట్టిన రవ్వ బస్తాలు తిప్పి పంపిన రోజులూ ఉన్నాయి. అయితే జీతం ఇచ్చింది కంపెనీయే కానీ, నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది చట్టం. ఆ సంగతి నేను మరిచిపోయినంత కాలం యాజమాన్యానికి హాయి, గుర్తొచ్చినప్పుడల్లా తలనొప్పి. చివరికి తలనొప్పిగానే రిటైరయ్యాను.

ఈ మధ్య నా కుర్చీలోకి ఒక అమ్మాయి వచ్చింది. చదువుకున్న పిల్ల, చురుకైనది. చేరిన వారానికే మా ఇంటికొచ్చి, "ఫిలోమినా గారూ, అక్కడందరూ ఎంత మంచివాళ్ళండీ! సూపర్‌వైజర్ల దగ్గర్నించి అందరూ నన్ను చెల్లెమ్మా అంటున్నారు" అని మురిసిపోయింది. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, ఆ అమ్మాయికి ఆ సాయంత్రం చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నాకొచ్చిన ఇంక్రిమెంట్లూ, నాకు కప్పిన శాలువాలూ ఎవరికి కావాలి? ఒక్క కేసు చెబుతాను. అందులో మనుషుల పేర్లు మార్చాను, ఇలాంటి కేసుల్లో పేర్లు బయటపెట్టకూడదని చట్టమే చెబుతుంది. అసలు మనిషిని అడిగే రాస్తున్నాను. "రాయండమ్మగారూ, కారం కాస్త ఎక్కువే వెయ్యండి" అంది.

ముందుగా ఒక మాట. మా గోదావరి వాళ్ళకు వరస కలపకపోతే నోరు పెగలదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషి కాకినాడ చేరేలోపు బాబాయో, మావయ్యో అయిపోవాలి. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఫ్యాక్టరీలో ఆ ప్రేమను ఎవరు ఎలా వాడుకుంటారో నా సర్వీసంతా చూశాను. "మనదంతా ఒకటే కుటుంబం" అని మేనేజరు అన్నాడంటే ఆ నెల ఓవర్‌టైం ఎగ్గొట్టబోతున్నాడని అర్థం. కడుపుతో ఉన్న పిల్ల ప్రసూతి సెలవు అడిగితే, "సొంత అన్నయ్యలాంటి వాణ్ణి చెబుతున్నా, ఇంటి దగ్గర హాయిగా ఉండు, తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత అనేది రాదు. హక్కుగా రావలసినదాన్ని ఆప్యాయతగా మార్చి, ఆ ఆప్యాయతను కూడా ఇవ్వకపోవడం మా దగ్గర ఒక విద్య.

చెయ్యి బొమ్మ

మాది రొయ్యలు శుభ్రం చేసి, సైజుల వారీగా వేరుచేసి, గడ్డకట్టించి విదేశాలకు పంపే కంపెనీ. లోపల పనంతా ఆడవాళ్ళదే. గమ్ బూట్లు, గ్లౌజులు, తలకు వల టోపీ, చుట్టూ ఐసు. పొద్దున్నుంచి ఆ చలిలో నిలబడితే వేళ్ళు తమవో పక్కవాళ్ళవో తెలియదు. వాళ్ళలో ఎక్కువమంది యానాం చుట్టూ ఉన్న ఆంధ్రా ఊళ్ళ నుంచి కంపెనీ వ్యాన్లలో వచ్చేవాళ్ళు.

పని చేసే చోట ఆడవాళ్ళను వేధిస్తే ఫిర్యాదు చెయ్యడానికి కంపెనీలోనే ఒక కమిటీ ఉండాలి. మాకూ ఉండేది, గోడ మీద. పై ఆఫీసు వాళ్ళు ఎక్కడినుంచో తెప్పించిన పోస్టరు అది, అక్షరాలన్నీ తమిళంలో ఉన్నాయి. మనం పాండిచ్చేరి వాళ్ళం కదా, తమిళం చాలనుకున్నారు కాబోలు. మధ్యలో అరచెయ్యి ఎత్తి "ఆగు" అంటున్న ఆడమనిషి బొమ్మ. దాన్ని తీసుకెళ్ళి చేతులు కడుక్కునే పంపుల పక్కన అంటించారు. ఫ్లోరంతా చేతులు కడుక్కోమని చెప్పే పోస్టర్లే కాబట్టి, మా ఆడవాళ్ళు ఇదీ అలాంటిదే అనుకున్నారు. పాపం, ఆ బొమ్మ చూసి ఇంకోసారి సబ్బు రాసుకుని మరీ లోపలికి వెళ్ళేవాళ్ళు.

కమిటీ గురించి తెలుసా అని రొయ్యలు ఒలిచే టేబులు దగ్గర శేషమ్మను అడిగితే, "తెలవకేమండీ, గోళ్ళు కత్తిరించుకోవాలని కదా" అంది. శేషమ్మ మా కంపెనీలో అందరికంటే పాతది. మోకాళ్ళు పట్టేసినా నోరు పట్టెయ్యలేదు. నేను నవ్వాను కానీ ఆ పోస్టరు చించి, మర్నాడే తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి పెట్టించాను. "ఇప్పుడిదంతా ఎందుకండీ, లేనిపోని ఆలోచనలు వస్తాయి" అన్నారు జీఎం గారు. ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. చెడ్డపని కూడా మెత్తగానే చేస్తాడు. ఆలోచనలు రావడానికే పెట్టించానని చెప్పాను.

ముందు సీటు

ఆ తెలుగు బోర్డు చూసి ఎవరైనా వస్తారని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. చాలా రోజుల తర్వాత సత్యవతి వచ్చింది, అదీ ఫిర్యాదుకు కాదు.

సత్యవతి గ్రేడింగు సెక్షన్‌లో పనిమంతురాలు. గ్రేడింగంటే రొయ్యల్ని సైజుల వారీగా వేరుచెయ్యడం, మా దగ్గర కాస్త గౌరవమైన పని. రొయ్య తలలు తీసే టేబులు అన్నిటికంటే కింద పని, ముళ్ళు గుచ్చుకుని వేళ్ళు చీము పడతాయి. అలాంటిది సత్యవతి నా ముందు నిలబడి, "నన్ను తలలు తీసే టేబులుకి మార్చేయండమ్మగారూ" అంది.

కొత్తగా చేరే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. మంచి పని చేతిలో ఉన్నవాళ్ళు కింద పని అడిగారంటే ఆ మంచి పని పక్కన ఎవరో చెడ్డవాడు నిలబడి ఉన్నాడని అర్థం. నేను తలుపు వేసి, "ఎవరు?" అని అడిగాను.

వేసిన తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత, "వీరబాబండి" అంది.

వీరబాబు గ్రేడింగు సూపర్‌వైజరు. సత్యవతి వాళ్ళ ఊరివాడే. రోజూ వాళ్ళ వ్యానులోనే వస్తాడు, డ్రైవరు పక్కన కూర్చుంటాడు. డ్రైవరుకూ అతనికీ మధ్య ఇంకో మనిషికి చోటుంటుంది. ఆ చోటులోకి రోజూ ఒక పిల్లను పిలుస్తాడు.

"'ఏ మరదలా, ముందుకి రా' అంటాడండి. ఎల్లకపోతే ఆ రోజు మన గ్రేడింగంతా తప్పులే. సైజులు కలిసిపోయాయని టబ్బు మళ్ళీ పోయించేత్తాడు. బాత్రూంకి పంపడు. గ్లౌజు చిరిగిందేమో చూత్తానని చెయ్యి పట్టుకుంటాడు, వదలడు. అందరూ నవ్వుతారండి, సరదా కదా అని."

"నీకు నిజంగా మరదలి వరసా?"

"మా నాన్న ఆడికి ఏదో చుట్టరికంలో మావయ్య అవుతాడంటండి. ఏ చుట్టరికమో ఆడికే తెలవాలి. మొన్న ముందు సీట్లో తొడ మీద చెయ్యేశాడండి. తోసేశాను. 'మావయ్య కూతురివి, ఆమాత్రం హక్కు లేదేటే నాకు' అని గట్టిగా అన్నాడు. వ్యానంతా నవ్వారండి." ఇక్కడ ఆగి, నేనూ నవ్వుతున్నానేమోనని నా మొహం చూసింది. "ఆడి చెయ్యి కంటే ఆ నవ్వే ఎక్కువ మండిందండి నాకు."

అత్తకు చెబితే వరసైనవాడు ఆ మాత్రం అంటాడు, నువ్వే సర్దుకోవాలందట. మొగుడికి చెబితే, "కంపెనీ యానాంలో ఉంది, అది పాండిచ్చేరి. మనం ఆంధ్రావోళ్ళం. వ్యానేమో రోడ్డు మీద పోతది. ఎవరికని చెప్పుకుంటావే?" అన్నాడట. పాపం అతని బాధా అర్థం చేసుకోదగ్గదే. మా ఊరికి చుట్టూ సరిహద్దే, నాలుగడుగులు వేస్తే రాష్ట్రం మారిపోతుంది. తప్పు చేసినవాడికి దాన్ని మించిన సౌకర్యం లేదు.

నేను చెప్పాను: "కంపెనీ పెట్టిన వ్యాను ఎక్కిన దగ్గర్నించి దిగేదాకా నువ్వు కంపెనీలో ఉన్నట్టే. రోడ్డు ఏ ప్రభుత్వానిదైనా సరే. నువ్వు కాంట్రాక్టు కూలివైనా సరే. ఇది నేను చెప్పడం కాదు, చట్టంలో ఉంది. మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. నువ్వు రాయలేకపోతే రాసిపెట్టడం మా బాధ్యత."

"నా ఉద్యోగం ఉంటదాండి?"

ఉంటుందని ఒట్టు వెయ్యలేదు. ఇలాంటి చోట తేలిగ్గా మాట ఇచ్చేవాళ్ళను నమ్మకండి. "దానికోసం నేను కొట్లాడతాను" అన్నాను. సత్యవతి చెబుతుంటే నేను రాశాను. చదివి వినిపిస్తే ఒకచోట ఆపి, "'సరదాకి' అన్న మాట కొట్టేయండి, అది ఆడి మాట" అంది. కొట్టేశాను. సంతకం పెట్టింది.

చీరా, పసుపూ, అరటిపళ్ళూ

కమిటీకి పెద్దను నేనే. బయటి సభ్యురాలిగా అగ్రహారంలో ఉండే ఒక రిటైర్డు టీచరు గారు ఉండేవారు. మేము విచారణ తేదీ వేసుకునేలోపే జీఎం గారు వేరే విచారణ పెట్టేశారు. నాకు చెప్పకుండా సత్యవతిని తన గదికి పిలిపించారని శేషమ్మ మోకాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి చెబితే పరుగెత్తాను.

తలుపు తీసేసరికి ఆ గది చూడాలి! కుర్చీలో వీరబాబు పెదనాన్న సూరయ్య గారు, ఆ ఊరి పెద్దమనిషి. మూల సత్యవతి మావగారు చేతులు కట్టుకుని. బల్ల మీద ప్లాస్టిక్ కవర్లో చీర, పసుపు కుంకుమ పొట్లం, డజను అరటిపళ్ళు. పక్కన తల వంచుకున్న వీరబాబు. హెచ్‌ఆర్ కుర్రాడు ఫోటో తియ్యడానికి సెల్‌ఫోన్ సిద్ధంగా పెట్టుకున్నాడు. నేరం జరిగిన చోటుకొచ్చానా, నిశ్చితార్థానికొచ్చానా అనిపించింది.

"రండమ్మా రండి" అన్నారు సూరయ్య గారు. "మావోడు తప్పు ఒప్పుకుంటన్నాడు. పెద్దల్లో పెట్టాక ఇంకేముంటది? ఇకనించి ఆ పిల్లని చెల్లెమ్మా అని పిలుత్తాడు. చీర పెడతాడు. అన్నాచెల్లెళ్ళయ్యాక ఎవరికీ ఏ భయం ఉండదు కదండీ."

మా వైపు ఇదొక పద్ధతి. మరదలని చెయ్యి వేసినవాడి చేత చెల్లెలని చీర పెట్టిస్తే పాపం కడిగేసుకున్నట్టే. ఊళ్ళో తగువులకు అది పనికొస్తుందేమో. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు తన కింద పనిచేసే మనిషికి చేసినదానికి అది పనికిరాదు.

జీఎం గారు చిరునవ్వుతో, "చూశారా ఫిలోమినా గారూ, మన సంస్కృతిలోనే ఎంత చక్కని పరిష్కారం ఉందో" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సార్, రాజీ కావాలంటే ఆ మనిషి తనంతట తను అడగాలి. అప్పుడు కూడా కమిటీ ముందే జరగాలి. ఈ రాజీ ఎవరడిగారు? సత్యవతి అడిగిందా?" అన్నాను. "ఆ ఫోను లోపల పెట్టు నాయనా" అని హెచ్‌ఆర్ కుర్రాణ్ణి కూడా ఒక కసురు కసిరాను.

సూరయ్య గారు నన్ను వదిలేసి సత్యవతి వైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వు చెప్పు. చెల్లెలనిపించుకోడానికి నీకేటి అభ్యంతరం?"

మావగారు గొంతు సవరించుకున్నారు. సత్యవతి ఆయన వైపు చూడలేదు. చీర వైపూ చూడలేదు. వల టోపీ ఇంకా పెట్టుకునే ఉంది, గ్లౌజుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేనీయనకి మరదల్నీ కాదండి, చెల్లెల్నీ కాదండి. గ్రేడింగు సెక్షన్‌లో వర్కర్ని. నా పేరు సత్యవతి. ఆ పేరెట్టి పిలవమనండి, చాలు" అంది.

నా సర్వీసులో విన్న మాటల్లో అంత సూటి మాట ఇంకొకటి లేదు. సత్యవతి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను.

వ్యాను రాని రోజు

మర్నాడు ఆ ఊరికి వ్యాను వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. "కాంట్రాక్టరుకి ఏదో ఇబ్బందిట, మనకేం సంబంధం?" అన్నారు జీఎం గారు. ఊరి ఆడవాళ్ళంతా రోడ్డు మీద నిలబడి ఇళ్ళకు పోయారు. వాళ్ళ తిట్లన్నీ ఎవరికి తగిలాయో చెప్పక్కర్లేదు. "ఒక్కదాని పౌరుషానికి అందరి కూడూ పోయింది" అన్నారట. వీరబాబు కోరుకున్నదీ అదే. ఫిర్యాదు చేసినదాన్ని ఎవరూ ఏమీ అనక్కర్లేదు, పక్కవాళ్ళ చేతే అనిపిస్తే సరిపోతుంది. ఆ రెండు రోజులూ సత్యవతి కాగితం వెనక్కి తీసుకుంటుందేమోనని నాకు నిజంగా భయం వేసింది. తీసుకున్నా తప్పు పట్టేదాన్ని కాదు.

జీఎం గారి గదికి వెళ్ళి, "వ్యాను రేపు రాకపోతే అది కూడా ఈ ఫిర్యాదులో చేరుతుంది. సాక్షుల్ని రానివ్వకుండా ఆపారని మీ పేరుతోనే రాస్తాను" అన్నాను.

"మీ రిటైర్మెంటు దగ్గరపడింది కదండీ. ఎక్స్‌టెన్షన్ సంగతి నేనే పైకి రాద్దామనుకుంటున్నాను" అన్నారాయన, ఎప్పటిలాగే మెత్తగా.

"మీకెందుకు సార్ ఆ శ్రమ, రాయకండి" అని వచ్చేశాను. ఆయన నా మాట మన్నించారు, రాయలేదు.

విచారణ రోజు పొద్దున వ్యాను కోసం గేటు దగ్గర నిలబడ్డాను. వ్యాను రాలేదు కానీ రొయ్యల టబ్బులు మోసే ట్రక్కు ఆటో ఒకటి వచ్చి ఆగింది. వెనక సామాన్లు వేసే చోట ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో టబ్బు బోర్లించి దాని మీద శేషమ్మను కూర్చోబెట్టారు. "ఏం చేత్తామండీ, రొయ్యలతోపాటు మేమూ వచ్చేశాం" అంది దిగుతూ. ఆ ఆటో మాట్లాడి తెచ్చింది ఎవరని అడిగితే సత్యవతి మొగుడట. నేనతన్ని తక్కువ అంచనా వేశాను.

విచారణలో వీరబాబు ఒకటే పాట పాడాడు. "వరసకి మరదలండి. మా వైపు అలాగే మాటాడుకుంటాం. అందులో చెడ్డ ఉద్దేశం లేదండి."

టీచరు గారు అడిగారు: "ముందు సీట్లోకి ఎవరెవర్ని పిలిచేవాడివి?"

చెప్పాడు. అందరూ చిన్నవాళ్ళే. అందరూ మరదళ్ళే.

"శేషమ్మకు మోకాళ్ళు నొప్పులు. వెనక ఎక్కలేక అవస్థ పడుతుంది. ఆవిణ్ణి ఒక్కసారైనా ముందు కూర్చోమన్నావా?"

తల గోక్కున్నాడు. "ఆవిడ నాకు అత్త వరసండి."

అప్పుడు నేనడిగాను. "ఆ మధ్య డైరెక్టరు గారి అమ్మాయి ఫ్లోరు చూడడానికి వచ్చింది కదా. చిన్నపిల్లే. ఆవిడ నీకేం వరస వీరబాబూ?"

అదిరిపడ్డాడు. "అమ్మో, ఆవిడ మేడం గారండీ!"

టీచరు గారు ఆ మాట ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకున్నారు.

ఆ తర్వాత శేషమ్మను పిలిచాం. కూర్చోమంటే కూర్చుంది. చూసింది చూసినట్టు చెప్పింది. చివర్న ఎవరూ అడక్కుండానే, "నేనూ నవ్వానండి" అంది. "ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టినప్పుడు నేనూ నవ్వాను. నవ్వకపోతే అదే వ్యానెక్కే మా కోడలి మీదకొత్తాడని నవ్వానండి. మేమంతా అందుకే నవ్వాం." ఆ రోజు వచ్చిన ప్రతి ఒక్కరూ అదే మాట వాళ్ళ వాళ్ళ నోటితో చెప్పారు.

వీరబాబును తీసెయ్యాలని రాశాం, వ్యాను ఆపిన సంగతీ చేర్చాం. జీఎం గారు వేరే ప్లాంటుకు బదిలీ చేద్దామన్నారు. అక్కడ కూడా వ్యాన్లుంటాయి సార్, ముందు సీట్లూ ఉంటాయి అని నేను ఒప్పుకోలేదు. కొంత కాలం లాగారు, అంతదాకా ఆ ఊరివాళ్ళు ట్రక్కు ఆటోలోనే వచ్చారు, చివరికి తీసేశారు. సత్యవతికి అంతా సుఖాంతమని చెప్పను. సూరయ్య గారి బంధువులు ఇప్పటికీ వాళ్ళింటిని పెళ్ళిళ్ళకు పిలవరు. "పోన్లెండి, చదివింపుల డబ్బులు మిగిలాయి" అంటుంది. ఉద్యోగం మాత్రం ఉంది, గ్రేడింగులోనే ఉంది.

కాబట్టి కొత్త వెల్ఫేర్ ఆఫీసరమ్మా, రేపు నిన్ను ఎవరైనా చెల్లెమ్మా అంటే, నాకో పేరుందండీ అని నవ్వుతూనే చెప్పు. నువ్వు చెప్పుకోలేకపోతే టేబులు దగ్గర నిలబడ్డవాళ్ళ తరఫున ఏం చెబుతావు? పొగరుబోతంటారు. అననీ. నన్నూ అన్నారు.

వీరబాబును తీసేసిన మర్నాడు వ్యాను మళ్ళీ నడిచింది. నాకు గేటు దగ్గర పనేమీ లేదు, అయినా వెళ్ళి నిలబడ్డాను. వ్యాను ఆగింది. వెనక తలుపులోంచి సత్యవతీ మిగతావాళ్ళూ ఒక్కొక్కరే దిగారు. ముందు తలుపు మాత్రం తెరుచుకోలేదు. లోపల ఎవరో గొళ్ళెంతో కుస్తీ పడుతున్నారు. సత్యవతి వెళ్ళి బయటి నుంచి లాగింది. టిఫిను క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, మహారాణిలా శేషమ్మ.

"ఏటి చూత్తన్నారమ్మగారూ?" అని అక్కడి నుంచే కేకేసింది. "ఈ సీటు ఇంత మెత్తగా ఉంటదని ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదండీ!"

వ్యాను దిగినవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఈసారి సత్యవతి కూడా నవ్వింది.